సెంటు తెలిస్తే శాతం తెలిసినట్టే!

‘మీ పొలం ఎంత?’ అని రావికమతం మండలంలో ఏ రైతుబిడ్డను అడిగినా ఠక్కున జవాబొస్తుంది. ‘ఎకరం నలభై సెంట్లు’ అనో, ‘రెండెకరాల పదిహేను సెంట్లు’ అనో. పాసు పుస్తకంలో అదే 1.40 అని, 2.15 అని ఉంటుంది. చుక్కకు ఇటు ఎకరాలు, అటు సెంట్లు. ఆ మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

అదే పిల్లాణ్ని కూర్చోబెట్టి ‘450లో 7 శాతం ఎంత?’ అని అడగండి. పెన్సిలు ఆగిపోతుంది. ‘7ను పైన వెయ్యాలా, 100ను కింద వెయ్యాలా? 450 ఎక్కడ పెట్టాలి? ఎన్ని సున్నాలు కొట్టెయ్యాలి?’ అంటూ తడుముకుంటాడు. నిజానికి ఈ రెండూ ఒకటే లెక్క. ఎకరానికి నూరు సెంట్లు. సెంటంటేనే ఎకరంలో నూరో వంతు. నూరో వంతునే బళ్లో ‘ఒక శాతం’ అంటారు. ఇంటి దగ్గర రోజూ వాడే లెక్క, బడి గుమ్మం దాటేసరికి కొత్త చుట్టంలా కనబడుతోంది. తేడా అంతే!

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం నుంచి విడిపోయి ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోది రావికమతం. కొత్తకోట, మేడివాడ, కల్యాణపులోవ... ఈ ఊళ్ల పేర్లు చెబితే వరి, చెరకు, పాడి గుర్తుకొస్తాయి. ఈ మూడింటి వెనకా శాతాలే. చెరకు ధరకు రికవరీ శాతం. పాల ధరకు వెన్న శాతం. జలాశయంలో నీళ్లెన్ని అంటే శాతం. అప్పు తెస్తే వడ్డీ శాతం. పెళ్లికి బంగారం కొంటే తరుగు శాతం. చివరికి సెల్‌ఫోన్‌లో ఛార్జింగూ శాతమే. ఏడో తరగతిలో అర్థంకాక వదిలేసిన ఒక్క పాఠం, జీవితాంతం బిల్లుల రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. 2017లో గ్రామీణ ప్రాంతాల 14-18 ఏళ్ల పిల్లల మీద ‘అసర్’ సర్వే చేసినప్పుడు, నిత్యజీవితంలో పనికొచ్చే లెక్కల్లో ఒకటిగా డిస్కౌంటు లెక్కనూ అడిగింది అందుకే.

మరి ఈ పాఠాన్ని తేలిగ్గా చెప్పే దారి లేదా? ఉంది. శాతాన్ని దశాంశంగా మార్చి, నేరుగా గుణించడం!

పేరులోనే ఉంది చుట్టరికం

‘శాతం’, ‘శతాంశం’... రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ ఉన్నది ‘శతం’. అంటే నూరు. 37 శాతం అంటే 37 శతాంశాలు. దశాంశంలో రాస్తే 0.37. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు. కానీ బళ్లో దశాంశాలు ఒక పాఠం, శాతాలు మరో పాఠం. మధ్యలో ఒక్కోసారి ఏడాది ఎడం. దాంతో రెండూ తోబుట్టువులన్న సంగతి పిల్లల చెవిన పడదు.

దాన్ని చూపించడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. గళ్ల కాగితం మీద పది అడ్డం, పది నిలువు గళ్లతో ఒక చదరం గీస్తే చాలు. అదే మన ఎకరం. అందులో ఒక్కో గడీ ఒక సెంటు. 37 గళ్లకు రంగు వెయ్యమనండి. ‘ఎకరంలో ఎన్ని సెంట్లకు రంగు పడింది?’ అంటే 37. ‘ఎంత శాతం?’ అంటే 37. ‘ఎకరాల్లో చెబితే?’ అంటే 0.37. మూడు ప్రశ్నలు, ఒకే బొమ్మ. ఒక నిలువు వరుసంతా రంగు వేస్తే పది సెంట్లు. అంటే 10 శాతం, 0.1. ఇది కళ్లారా చూసిన పిల్లాడు 0.1 కన్నా 0.09 పెద్దదని పొరబడడు.

ఇక గుణకారం. ఎకరంలో 7 శాతమంటే 7 సెంట్లు, 0.07 ఎకరం. మరి అలాంటివి 450 ఉంటే? 450 × 0.07 = 31.5. అయిపోయింది! పైన, కింద, కొట్టివేతలు ఏవీ లేవు.

పదహారణాల లెక్క

ఈ సౌకర్యం మన తాతలకు లేదు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, మొత్తం 64 పైసలున్న రోజుల్లో, రూపాయిలో ఒక శాతం ఎంతని అడిగితే 64ను నూటితో భాగించాలి. పైసా కూడా తిన్నగా రాదు. అందుకే ఆనాటి వాళ్ల నోట ‘నూటికి నూరు శాతం’ కంటే ‘పదహారణాల నిజం’ అన్న మాటే తేలిగ్గా పలికింది. పావలా అంటే నాలుగణాలు, బేడ అంటే రెండణాలు. రూపాయిని సగాలు చేసుకుంటూ పోయే లెక్క అది. సగం, పావు, పరక అన్నంతవరకూ హాయిగా ఉండేది. ఏడు శాతం, పదమూడు శాతం అనేసరికి తలనొప్పి మొదలయ్యేది.

1957 ఏప్రిల్ 1న దేశంలో నయాపైసలు వచ్చాయి. రూపాయికి నూరు పైసలయ్యాయి. ఆ రోజు నుంచీ రూపాయిలో ఒక శాతమంటే సరిగ్గా ఒక పైసా! శేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోలు, గ్రాములు వచ్చిందీ ఆ తర్వాతి కొన్నేళ్లలోనే. లెక్కలన్నీ పదులతో, నూర్లతో, వేలతో నడిస్తే సామాన్యుడికి సుఖమని 1585లోనే సైమన్ స్టెవిన్ అనే ఇంజినీరు ‘డి థీండే’ అనే చిన్న పుస్తకంలో రాశాడు. నేటి బెల్జియం ప్రాంతంలో పుట్టిన ఆయన ఆ పుస్తకం రాసింది పండితుల కోసం కాదు... వర్తకులు, భూమి కొలిచేవాళ్లలాంటి వాళ్ల కోసం. ఆ మాట మన రూపాయిదాకా రావడానికి 372 ఏళ్లు పట్టింది.

అలాగని నూటికింత లెక్క మనకు కొత్తదేం కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసార సంగ్రహం’ రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అందులోని త్రైరాశికమే నేటికీ బళ్లలో నడుస్తోంది. ‘నూటికి 12 అయితే, 350కి ఎంత?’ అన్న పద్ధతి. 350ని 12తో గుణించి, నూటితో భాగించాలి. జవాబు 42. దశాంశ పద్ధతిలో ఆ భాగహారాన్ని ముందే చేసి పెట్టుకుంటాం. 12 శాతాన్ని 0.12గా రాసుకోవడంతోనే అది అయిపోతుంది. ఆపైన 350 × 0.12 = 42. దారి పాతదే, ఒక మలుపు తగ్గిందంతే.

చుక్క దగ్గరే చిక్కు

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ‘శాతం గుర్తు తీసేసి, చుక్కను రెండిళ్లు ఎడమకు జరపాలి’ అని సూత్రం ఒక్కటే చెప్పి వదిలేస్తే పిల్లలు మళ్లీ బట్టీలోనే పడతారు. తప్పులు కూడా చాలావరకు ఒకేలా వస్తాయి.

మొదటిది, 5 శాతాన్ని 0.5 అని రాయడం. ఒక్క సున్నా మరిచిపోతే ఐదు సెంట్లు కాస్తా యాభై సెంట్లవుతాయి. ‘నీకు ఎకరంలో ఐదు సెంట్లే ఇస్తానన్నారు, అర ఎకరం ఎలా రాసుకున్నావ్?’ అని అడిగితే పిల్లాడే నవ్వి దిద్దుకుంటాడు.

రెండోది, 0.25ను చూసి 0.5 కన్నా పెద్దదనుకోవడం. దీనికి మనం చదివే తీరు కూడా కారణమే. ‘పాయింట్ ఇరవై అయిదు’, ‘పాయింట్ అయిదు’ అని పలికితే, అయిదు కన్నా ఇరవై అయిదు పెద్దదే కదా అనిపిస్తుంది. అందుకే మొదట్లో ‘సున్నా పాయింట్ అయిదు’ అనకుండా ‘యాభై సెంట్లు’ అనీ, ‘ఇరవై అయిదు సెంట్లు’ అనీ చదివించాలి. పలికే తీరు మారితే సగం తప్పులు రావు.

మూడోది, 1.4 ఎకరాలను ‘ఎకరం నాలుగు సెంట్లు’ అనుకోవడం. ఇది పిల్లలే కాదు, పెద్దలూ చేసే పొరపాటు. 1.4 అంటే 1.40. ఎకరం నలభై సెంట్లు. పొరపాటు పడితే 36 సెంట్లు తేడా! కాగితాల మీద ఒక సున్నా ఉన్నా లేకపోయినా ఏమీ కాదని ఎక్కడ అనుకోవచ్చో, ఎక్కడ అనుకోకూడదో తెలియాలి. 1.4 పక్కన సున్నా చేరిస్తే విలువ మారదు. 1, 4ల మధ్యలో సున్నా చేరిస్తే 1.04 అవుతుంది. ఆ 36 సెంట్లూ అక్కడే పోతాయి.

సెంట్లు, పైసలు రెండంకెల వరకే తోడొస్తాయి. 6.5 శాతం లాంటివి వస్తే మూడో అంకె కావాలి. అప్పుడు తూకంలోకి వెళ్లాలి. కిలోకు వెయ్యి గ్రాములు కదా. 6.5 శాతం వెన్న ఉన్న పాలు 5 కిలోలు పోస్తే, అందులో వెన్న ఎంత? 5 × 0.065 = 0.325 కిలో. అంటే 325 గ్రాములు. పాలకేంద్రం దగ్గర చీటీ తెచ్చే పిల్లకు ఈ లెక్క వచ్చిందంటే, ఫ్యాట్ 6.5 నుంచి 6కి పడిపోయినప్పుడు 25 గ్రాముల వెన్న తగ్గిందని తనే చెప్పగలదు.

‘లో’ అంటే గుణకారం

శాతాల లెక్కలు మూడే రకాలు. వాటిని మూడు సూత్రాలుగా నేర్చుకోనక్కర్లేదు. తెలుగు వాక్యం అర్థమైతే చాలు. ‘లో’ అన్న ప్రత్యయం వచ్చిన చోట గుణకారం పెట్టండి. ‘ఎంత’, ‘ఏ’ అని అడిగిన చోట ఖాళీ గడి పెట్టండి. మిగతా సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టు రాయండి.

‘640లో 15 శాతం ఎంత?’ అంటే... 640 × 0.15 = ఖాళీ గడి. జవాబు 96.

‘600లో 438 మార్కులు ఎంత శాతం?’ అంటే... 600 × ఖాళీ గడి = 438. 438ని 600తో భాగిస్తే 0.73. అంటే 73 శాతం.

‘18 రూపాయలు ఏ మొత్తంలో 12 శాతం?’ అంటే... ఖాళీ గడి × 0.12 = 18. 18ని 0.12తో భాగిస్తే 150.

మొత్తం, శాతం, వచ్చిన భాగం... మూడింటిలో రెండు తెలిస్తే మూడోది దొరుకుతుంది. ఎక్కడ గుణించాలో, ఎక్కడ భాగించాలో గుర్తుపెట్టుకునే పని లేదు. వాక్యమే చెబుతుంది.

ఇంకో మంచి అలవాటు కూడా ఇక్కడే చెయ్యాలి. జవాబు రాయకముందే అంచనా వెయ్యడం! 450లో పది శాతం 45. అడిగింది 7 శాతం కాబట్టి జవాబు 45 కన్నా తక్కువే రావాలి. 315 వచ్చినా, 3.15 వచ్చినా చుక్క ఎక్కడో జారిందని పిల్లలకే తెలిసిపోతుంది. క్యాలిక్యులేటరు చేతిలో ఉన్నా ఈ అంచనా లేకపోతే ఉపయోగం లేదు. అది తప్పు మీట నొక్కినా తప్పని చెప్పదు.

సగం మీద ఇరవై

ఆషాఢమాసం వస్తే బట్టల దుకాణాల ముందు బోర్డులు వెలుస్తాయి. ‘50 శాతం తగ్గింపు... దానిపై అదనంగా 20 శాతం!’ చూసినవాళ్లు గబుక్కున 70 శాతం అనుకుంటారు. రెండు వేల రూపాయల చీర ఆరొందలకు వస్తుందని లెక్క వేసుకుని వెళితే, బిల్లు ఎనిమిది వందలు వస్తుంది. ఇందులో దుకాణం మోసమేమీ లేదు. లెక్కే అంత!

తగ్గింపు లెక్కల్లో దశాంశాల అసలు బలం తెలుస్తుంది. 50 శాతం తగ్గిస్తే మనం కట్టేది 0.50. మిగిలినదాని మీద 20 శాతం తగ్గిస్తే కట్టేది 0.80. రెండూ గుణిస్తే 0.50 × 0.80 = 0.40. అంటే మనం కట్టేది 40 శాతం, తగ్గింది 60 శాతం. ‘ఎంత తగ్గింది’ అని కాకుండా ‘ఎంత మిగిలింది’ అని ఆలోచించడం అలవాటైతే చాలు, ఎన్ని తగ్గింపులు పెట్టినా ఒకే వరుసలో తేలిపోతుంది.

పెరిగితే కూడా అంతే. 10 శాతం పెరిగితే 1.10తో గుణించాలి. మళ్లీ 10 శాతం తగ్గితే 0.90తో గుణించాలి. 1.10 × 0.90 = 0.99. పెరిగిందీ పదే, తగ్గిందీ పదే అయినా నూటికి రూపాయి పోయింది. ఎందుకంటే రెండో పది శాతం, పెరిగిన మొత్తం మీద పడింది.

బంగారం దుకాణంలోనూ ఇదే తంతు. నగ మీద 916 అని ఉంటే అందులో మేలిమి బంగారం 91.6 శాతం, అంటే 0.916 వంతు. ఎనిమిది గ్రాముల గాజులో 8 × 0.916 = 7.328 గ్రాములు. తరుగు 12 శాతమంటే 8 × 1.12 = 8.96 గ్రాములకు డబ్బు కడుతున్నట్టు. అమ్మతోపాటు దుకాణానికి వెళ్లిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఈ రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూపిస్తే, బేరం ఆడటానికి ఇంట్లోవాళ్లకు ఒక ఆధారం దొరికినట్టే.

వెనక్కి వెళ్లే లెక్క మాత్రం పిల్లల్ని బాగా తికమక పెడుతుంది. ‘20 శాతం తగ్గించాక ధర 960 రూపాయలు. అసలు ధర ఎంత?’ అంటే ఎక్కువమంది 960కి 20 శాతం కలిపేసి 1152 అంటారు. కానీ 960 అనేది అసలు ధరలో 0.80. కాబట్టి 960ని 0.80తో భాగించాలి. జవాబు 1200. 1200లో 20 శాతం 240, తీసేస్తే 960. సరిపోయింది!

చెరకు చీటీలో చుక్క

చోడవరం దగ్గరి గోవాడ సహకార చక్కెర కర్మాగారం పేరు వినని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. తరాల తరబడి ఇక్కడి రైతులు చెరకు తోలింది అక్కడికే. బెల్లం వండేవాళ్లకు అనకాపల్లి మార్కెట్ ఉండనే ఉంది. చెరకు పండించే ఇళ్లలో ‘రికవరీ’ అన్న మాట పిల్లలకూ కొత్త కాదు. నూరు కిలోల చెరకు ఆడితే ఎన్ని కిలోల చక్కెర వస్తుందో అదే రికవరీ శాతం.

కేంద్రం ఏటా చెరకుకు ప్రకటించే ధర ఈ శాతం మీదే నిలబడి ఉంటుంది. 2009లో వచ్చిన ఎఫ్‌ఆర్‌పీ విధానం ప్రకారం, 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ ఉంటే క్వింటాలుకు 355 రూపాయలు. అక్కణ్నుంచి ప్రతి 0.1 శాతం పెరిగితే 3.46 రూపాయలు కలుస్తాయి. తగ్గితే అంతే కోత పడుతుంది. రికవరీ 9.5 శాతమైనా, అంతకన్నా పడిపోయినా 329.05 రూపాయలకు తగ్గకూడదు.

ఈ నాలుగు అంకెలు చాలు, ఒక పాఠమంతా చెప్పడానికి. 10.25 శాతమంటే 0.1025. టన్ను చెరకుకు 1000 × 0.1025 = 102.5 కిలోల చక్కెర. ఫ్యాక్టరీ రికవరీ 9.75 శాతమే అయితే? 97.5 కిలోలు. టన్నుకు ఐదు కిలోల చక్కెర తగ్గింది. మరి ధర? 10.25కు, 9.75కు తేడా 0.5. అందులో 0.1లు ఐదు. 5 × 3.46 = 17.30. క్వింటాలు ధర 337.70 రూపాయలకు దిగుతుంది. ముప్పై టన్నులు తోలిన రైతుకు, అంటే మూడు వందల క్వింటాళ్లకు, 5,190 రూపాయల తేడా!

‘అర శాతమే కదా తగ్గింది’ అనుకుంటే ఇంత డబ్బు ఎక్కడ పోయిందో అర్థం కాదు. నిజమే, రికవరీ అంకె 10.25 నుంచి 9.75కు అర పాయింటే తగ్గింది. కానీ ఉన్నదే 10.25. అందులోంచి 0.5 పోయిందంటే 0.5ను 10.25తో భాగించాలి. దాదాపు 0.049. అంటే రాబడిలో దాదాపు 5 శాతం కోత. అంకె ఎంత తగ్గిందన్నది ఒకటి, ఉన్నదానిలో ఎన్నో వంతు తగ్గిందన్నది మరొకటి. వార్తల్లో ‘రెండు శాతం పెరిగింది’ అని చదివినప్పుడు ‘దేనిలో రెండు శాతం?’ అని అడిగే అలవాటు ఇలాంటి లెక్కలతోనే వస్తుంది.

ప్రకృతి వైపరీత్యాల్లో దెబ్బతిన్న పంటకు సాయం అందాలన్నా శాతమే కొలబద్ద. 2015కు ముందు పంట నష్టం సగమైనా ఉండాలి. ఆ ఏడాది ఆ హద్దును 33 శాతానికి తగ్గించారు. ఇరవై బస్తాలు రావాల్సిన చోట పద్నాలుగే వస్తే, పోయింది ఆరు. 6ను 20తో భాగిస్తే 0.30. అంటే 30 శాతం. పదమూడు వస్తే 0.35, అంటే 35 శాతం. ఒక్క బస్తా తేడాతో హద్దుకు ఇటుండేది అటవుతుంది. నష్టాన్ని లెక్కగట్టేది అధికారులే అయినా, తమ చేను ఆ గీతకు ఎటువైపుందో ఇంట్లో ఒకరు లెక్క వేసుకోగలిగితే మంచిదే కదా!

రెండు రూపాయల వడ్డీ

ఊళ్లో అప్పు మాట వస్తే ఎవరూ ‘శాతం’ అనరు. ‘రూపాయి వడ్డీ’, ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. నూటికి, నెలకు! బ్యాంకులో మాత్రం ఏడాదికి లెక్క. అసలు చిక్కంతా ఇక్కడే. ‘బ్యాంకులో ఏడు, బయట రెండే’ అనుకుంటే కొంప మునుగుతుంది.

నెలకు నూటికి రెండు రూపాయలంటే 0.02. పన్నెండు నెలలకు 0.24. అంటే ఏడాదికి 24 శాతం! ముప్పై వేలు తెస్తే ఏడాదికి 30,000 × 0.24 = 7,200 రూపాయల వడ్డీ. అదే బ్యాంకు పంట రుణం ఏడు శాతానికి వస్తుంది. గడువులోగా కట్టేస్తే కేంద్రం మూడు శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి రైతు మీద పడేది నాలుగు శాతమే. 30,000 × 0.04 = 1,200 రూపాయలు. రెండింటికీ తేడా ఆరు వేలు. ఒక పిల్లాడి ఏడాది పుస్తకాలు, బట్టలు వచ్చేంత డబ్బు.

2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వయం సహాయక సంఘాల మహిళల కోసం ‘పావలా వడ్డీ’ పథకం తెచ్చింది. ఆ పేరులోనే దశాంశం లెక్క దాగి ఉంది. నెలకు నూటికి పావలా. అంటే నెలకు 0.25 శాతం. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 3 శాతం. అక్షరాలు రాని అమ్మమ్మలు కూడా ఈ లెక్కను వేళ్ల మీద చెప్పేశారు. ఎందుకంటే అది వాళ్ల మాటల్లో ఉంది. 25 పైసల నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. పావలా లెక్క మాత్రం నోళ్లలో చెల్లుబాటవుతూనే ఉంది.

భిన్నాలకు సెలవా?

అలాగని భిన్నాలను పక్కన పెట్టేయమని కాదు. 25 శాతం అనగానే ‘పావు’, 50 అనగానే ‘సగం’, 75 అనగానే ‘ముప్పావు’ గుర్తుకు రావాల్సిందే. 480లో 25 శాతమంటే 0.25తో గుణిస్తూ కూర్చోనక్కర్లేదు, నాలుగో వంతు 120 అని నోటితోనే చెప్పెయ్యొచ్చు. 12.5 శాతమంటే ఎనిమిదో వంతు. మూడో వంతు లాంటిదైతే దశాంశంలో 0.333... అని తెగకుండా సాగుతుంది, అక్కడ భిన్నమే మేలు. ఏ లెక్కకు ఏ పనిముట్టు తేలికో పిల్లలే ఎంచుకోగలగాలి. వరి కోతకు కొడవలి, చెరకు నరకడానికి కత్తి అన్నట్టు!

కాకపోతే 7, 13, 6.5, 10.25 లాంటి శాతాలే బయట ఎక్కువగా ఎదురవుతాయి. వాటికి దశాంశమే దగ్గరి దారి. పైగా పాసు పుస్తకంలో, తూకం యంత్రంలో, పెట్రోలు బంకులో, బ్యాంకు నుంచి ఫోనుకొచ్చే సందేశంలో... అన్నిచోట్లా పిల్లలకు కనిపించేది చుక్కే. భిన్నం గీత ఎక్కడా కనిపించదు.

ఇంట్లో అమ్మానాన్నలు చేయగలిగింది కూడా ఉంది. లెక్కలు రావని వెనక్కి తగ్గక్కర్లేదు. ఈ ఆదివారం పాసు పుస్తకమో, పాల చీటీయో, కరెంటు బిల్లో, బట్టల కొట్టు రసీదో ఒకటి పిల్లల చేతికివ్వండి. ముందు చుక్క ఉన్న అంకెలన్నీ చదివించండి. చుక్కకు ఇటు ఏముంది, అటు ఏముంది అని అడగండి. తర్వాత ఒక్కటంటే ఒక్క ప్రశ్న వెయ్యండి. ‘మన ఎకరం నలభై సెంట్లలో 15 శాతం కూరగాయలకు వదిలేద్దాం, ఎన్ని సెంట్లు?’ అని. 1.40 × 0.15 = 0.21. ఇరవై ఒక్క సెంట్లు. జవాబు తప్పు వస్తే కోప్పడకండి. గళ్ల కాగితం మీద గీసి చూసుకోమనండి. ఎకరానికి పదిహేను గళ్లు, మిగతా నలభై సెంట్లలో ఆరు గళ్లు... తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే చూపిస్తారు. ఆ తర్వాత ఆ ఇరవై ఒక్క సెంట్లలో బెండ వెయ్యాలో, వంగ వెయ్యాలో కూడా వాళ్లనే చెప్పమనండి!